మతంపై విమర్శ రాసినప్పుడు కింద పేరు పెట్టాలా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల బడుల్లో తెలుగు చెబుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా కొత్తగా రాస్తున్నవాళ్ళ రాతప్రతులు చదివిపెడుతూ ముప్పై ఏళ్ళకు పైగా గడిపాను. బలుల మీద, ముడుపుల మీద, దశమ భాగాల మీద, తాయెత్తుల మీద, కులం చూసి గడప దాటనిచ్చే పద్ధతుల మీద ధైర్యంగా రాసుకొచ్చినవాళ్ళు కూడా చివరి కాగితం దగ్గర ఆగిపోయి, "కింద పేరు రాయమంటారా మేస్టారూ?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

పేరు లేకుండా మత విమర్శను అచ్చు వేయడం చట్టవిరుద్ధమా?

కాదు. పుస్తకానికో కరపత్రానికో రచయిత తన పేరు ప్రకటించి తీరాలన్న నిబంధన మన దేశంలో లేదు. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం అడిగినవి అచ్చు వేసినవారి పేరు, అచ్చయిన ఊరు, ప్రచురించినవారి పేరు. పుస్తకం మీద రచయిత పేరు వేసి తీరాలని అది అడగలేదు. ఆ చట్టం స్థానంలో 2023లో చేసి 2024 మార్చి నుంచి అమలులోకి తెచ్చిన కొత్త చట్టం పత్రికల వరకే పరిమితమైంది. 1957 నాటి కాపీరైట్ చట్టం పేరు లేని రచనను, మారుపేరుతో వచ్చిన రచనను కూడా రచనలుగానే గుర్తించి, ప్రచురణ తరువాత 60 ఏళ్ళ పాటు హక్కు కల్పించింది. ఈలోగా రచయిత ఎవరో వెల్లడైతే ఆ గడువును రచయిత మరణం నుంచి లెక్కిస్తారు.

పత్రికల ఆచారం వేరు. పాఠకుల లేఖ అయినా సరే పూర్తి పేరు, చిరునామా తమ దగ్గర ఉండాలని సంపాదకులు పట్టుబడతారు, కోరితే అచ్చులో దాచిపెడతారు. ఈ ఆచారం నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే అందులో పేరు లోకానికి తెలియకపోయినా ఆ మాటకు జవాబు చెప్పే మనిషి ఒకరు ఉన్నారన్న సంగతి ఖాయమవుతుంది.

పేరు పెట్టకపోవడం పిరికితనం కాదా?

ఆ మాట అనే హక్కు ఆ ఇబ్బంది పడనివాడికి లేదని నా అభిప్రాయం. మత గ్రంథాలను చరిత్ర దృష్టితో పరిశీలించిన డచ్ తత్వవేత్త స్పినోజా 1670లో తన గ్రంథాన్ని పేరు లేకుండా అచ్చు వేయించాడు. పుస్తకం ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయితే ముఖపత్రం మీద హాంబర్గ్ అని వేశారు. అయినా రాసినది ఎవరో త్వరలోనే పొక్కిపోయింది, 1674లో పుస్తకాన్ని నిషేధించారు. మన దేశంలో రామమోహన్ రాయ్ 1821లో క్రైస్తవ మిషనరీలతో వాదానికి దిగినప్పుడు శివప్రసాద్ శర్మ అనే పేరుతో పత్రిక నడిపారు. వీరిలో ఎవరినీ పిరికివారని నేను అనలేను.

అలాగే పేరు పెట్టినవారందరినీ సాహసులుగా చూపించి, పడుచు పిల్లలను ఆ దారిలోకి తోయడమూ తగదు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో, కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని 2015 ఆగస్టు 30న ధార్వాడ్‌లో, పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో కాల్చి చంపారు. ముగ్గురూ తమ మాటలను తమ పేరుతోనే చెప్పినవారు. ఈ సంగతి తెలిసి కూడా సంతకం చేసేవారి ముందు తల వంచుతాను, తెలిసి వెనక్కి తగ్గినవారిని మాత్రం తప్పు పట్టను. ధైర్యం ఎంత ఉందన్న చర్చను పక్కన పెట్టి, మీరు పేరు పెట్టకపోతే ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో ముందు ఆలోచించండి. దాని గురించే తరువాతి జవాబు.

పేరు లేని రాత వల్ల ఎవరికి నష్టం? విషయం నిజమైతే చాలదా?

విషయం నిజం కావడం అవసరమే గానీ, అది సరిపోదు. చదివినవాడు "ఇది ఎవడు రాశాడు?" అని అడక్క మానడు, మీరు జవాబు చెప్పకపోతే ఊరే ఒక జవాబు తయారు చేసుకుంటుంది. మత విషయంలో ఆ జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: మనవాడైతే ఇలా రాయడు, కాబట్టి పరాయి మతంవాడు రాసి ఉంటాడు.

ఇది నా అనుభవం. నాకు పాతికేళ్ళప్పుడు, శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె బడిలో పనిచేస్తూ, గ్రామదేవత పండుగలో దున్నపోతును బలి ఇవ్వడాన్ని నిలదీస్తూ రెండు పేజీల కరపత్రం రాశాను. 1950 నుంచీ జంతు, పక్షి బలులను నిషేధించే చట్టం ఉందనీ, అప్పు చేసి దున్నపోతును కొన్న కుటుంబాలు ఏడాదంతా ఆ అప్పు తీరుస్తున్నాయనీ అందులో ఉంది. పట్నంలో ఒక చిన్న ప్రెస్సులో మూడు వందల కాపీలకు మాట్లాడుకున్నాను. గ్యాలీ ప్రూఫు తడి ఇంకా ఆరలేదు, ప్రెస్సాయన సిరా వేలితో కాగితం పైభాగం చూపించి, ఆ వేలిని కిందికి దించి, "మేస్టారూ, పైన మీ పేరు నేదు, అడుగున మా ప్రెస్సు పేరుంది. రేపొద్దున్న ఎవులైనా వొస్తే ఎవుల కాడికొస్తారు?" అన్నాడు. నేను బదిలీ సంగతి, ఇంట్లో అమ్మ సంగతి చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా అచ్చు వేసి ఇచ్చాడు.

ప్రెస్సు దాకా ఎవరూ వెళ్ళలేదు. నాతో పాటు అదే బడిలో లెక్కలు చెప్పే క్రైస్తవ ఉపాధ్యాయుడి ఇంటికి వెళ్ళారు. ఆయన ఒక్క ముక్క రాసి ఎరుగడు. కానీ మూడో రోజు గడిచేసరికి ఊరు తీర్పు చెప్పేసింది: మన అమ్మవారిని మనవాడెవడూ తిట్టడు, ఇది లెక్కల మేస్టారి పనే. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఆయన దగ్గరకు సాయంత్రం లెక్కలకు వచ్చే పిల్లలు మానేశారు, పాలు పోసే మనిషి రావడం ఆపేశాడు, ఆయన భార్య నీళ్ళకు ఊరి అవతలి బావికి నడిచి వెళ్ళడం నేను బడి కిటికీలోంచి చూశాను. నేను నోరు విప్పలేదు. వచ్చే జూన్‌లో ఆయన బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. బలుల గురించి ఆ కరపత్రంలో రాసినది ఈనాటికీ నా అభిప్రాయమే. అందులో మార్చవలసిన వాక్యం లేదు. లేనిది నా పేరు ఒక్కటే, ఆ లోటును ఆయన కుటుంబం భరించింది.

చరిత్రలో ఇంతకంటే ఘోరమైన ఉదాహరణ ఉంది. లాహోర్‌లో 1924లో ఇస్లాం ప్రవక్త మీద ఒక చిన్న పుస్తకం రచయిత పేరు లేకుండా వచ్చింది. దాన్ని ప్రచురించిన రాజ్‌పాల్ రచయిత ఎవరో చెప్పడానికి ఒప్పుకోలేదు. కేసు ఆయన మీదే నడిచింది, 1927లో హైకోర్టు ఆయనను విడుదల చేసింది, 1929 ఏప్రిల్‌లో ఒక యువకుడు ఆయనను ఆయన దుకాణంలోనే పొడిచి చంపాడు. ఆ పుస్తకంలోని రాతను నేను సమర్థించడం లేదు. రచయిత చాటున ఉంటే అచ్చు వేసినవాడు ఎదుట నిలబడవలసి వచ్చిందన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

కనుక పేరు వద్దనుకునేవారు ముందుగా ఒక పని చేయాలి. ఈ రాత వస్తే ఊళ్ళో ఎవరి మీద అనుమానం పడుతుందో ఊహించి, వారి పేర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితంలో మీకంటే బలహీనులు, మీకంటే తక్కువ మంది బంధువులున్నవారు, వేరే మతంవారు ఉంటే, పేరు లేకుండా ఆ రాతను వదలవద్దు. పేరు పెట్టండి, లేదా రాతను మీ దగ్గరే ఉంచుకోండి.

మన సాహిత్యంలో మతాన్ని నిలదీసినవారు పేరు పెట్టేవారా?

పేరు పెట్టడం కాదు, పద్యంలోనే కలిపి కుట్టేవారు. శతకానికి మకుటం ఉంటుంది. విగ్రహాల పూజను, తీర్థయాత్రలను, కులాన్ని కడిగేసిన వేమన పద్యాల్లో చివరి పాదం ఆయన పేరుతోనే ముగుస్తుంది. పద్యం ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోయినా పేరు దానితో పాటే పోతుంది. అయితే ఈ పద్ధతిలో ఇంకో చిక్కు వచ్చింది: 1829లో బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చు వేయించిననాటికే, చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకున్నట్టు, ఎవరెవరో అల్లిన పద్యాలు ఆ మకుటం చాటున చేరిపోయి ఉన్నాయి. తాము అనలేని మాటను వేమన చేత అనిపించారన్నమాట. మీ మాటకు పెద్దవారి పేరు తగిలించడం, "ఫలానా మహానుభావుడు ఇలా అన్నాడు" అని లేని మాట పుట్టించడం, ఈనాటికీ జరుగుతున్నదే. పేరు లేకపోవడం కంటే అది పెద్ద తప్పు.

మన వైపు కవి గోగులపాటి కూర్మనాథకవి మాట కూడా చెప్పుకోవాలి. 18వ శతాబ్దంలో, దండయాత్రలతో ప్రజలు అల్లాడుతుంటే చూస్తూ ఊరుకున్నావేమని ఆయన తన శతకంలో సింహాద్రి అప్పన్ననే నిలదీశాడు. ఆ శతకాన్ని భక్తులే దాచుకున్నారు. నిందాస్తుతి అనే పేరుతో దేవుడిని కోప్పడే చోటు మన సంప్రదాయంలోనే ఉందని, ఆ కోపానికి కవి తన పేరుతో బాధ్యత వహించాడని దీన్ని బట్టి తెలుస్తుంది. దేవుడిని ప్రేమించేవాడు కోప్పడితే జనం వింటారు. తిట్టినవాడు ఎవడో తెలియకపోతే ఆ కోపం ప్రేమలోంచి వచ్చిందో ద్వేషంలోంచి వచ్చిందో వాళ్ళు ఎలా పోల్చుకుంటారు?

పేరు పెడతాను గానీ ఇంటిపేరు కూడా రాయాలా?

ఇది మన ప్రాంతంలో చిన్న ప్రశ్న కాదు. ఇంటిపేరు చెబితే కులం, చాలాసార్లు ఊరు, ఒక్కోసారి వీధి కూడా తెలిసిపోతాయి. ఇంటిపేరు రాసిన క్షణం నుంచి పాఠకుడు మీ వాదాన్ని వదిలి మీ పుట్టుకను చదవడం మొదలుపెడతాడు: ఈ కులంవాడు కాబట్టి అలా అన్నాడు, ఆ కులంవాడు కాబట్టి అనకూడదు. పైగా ఆ ఇంటిపేరు మీ ఒక్కరిదే కాదు, మీ రాతతో సంబంధం లేని పెదనాన్నలది, పినతండ్రుల పిల్లలది కూడా.

అందుచేత ఇంటిపేరు విడిచి, మీరు పెరిగిన ఊరినో తల్లి పేరునో కలుపుకుని రాయడం ఉపాయమే గానీ మోసం కాదు. 1965లో బయటికి వచ్చిన దిగంబర కవులు ఆరుగురూ పుట్టుకతో వచ్చిన పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న ఎవరో ఎవరికీ తెలియక కాదు. కానీ ఒక సందర్భంలో ఇంటిపేరు రాయమనే చెబుతాను. మీ విమర్శ మీ సొంత కులం, మీ సొంత గుడి, మీ సొంత సంఘం అనుసరించే పద్ధతి మీద అయితే, ఆ ఇంటిపేరే మీ వాదానికి బలం. లోపలివాడు చెబుతున్నాడన్న ఒక్క సంగతి పది పేజీల తర్కం చేయలేని పని చేస్తుంది.

కలం పేరు వాడితే సరిపోతుందా?

పేరు లేకపోవడానికి, కలం పేరుకు చాలా తేడా ఉంది. కలం పేరుకు కూడా కాలక్రమంలో ఒక పరువు ఏర్పడుతుంది. నిన్న ఒకటి చెప్పి ఈ రోజు ఇంకొకటి చెబితే పాఠకుడు పట్టుకుంటాడు. ఒకే కలం పేరును ఏళ్ళ తరబడి వాడేవాడు తన మాటకు కట్టుబడుతున్నట్టే. ఒక్కో కరపత్రానికి ఒక్కో పేరు మార్చేవాడు ఆ బరువును దించుకుంటున్నాడు.

కలం పేరు ఎంచుకునేటప్పుడు వేరే మతానికో కులానికో చెందిన పేరు పెట్టుకోవద్దు. హిందువు మసీదు పద్ధతులను విమర్శిస్తూ ముస్లిం పేరు తగిలించుకోవడం, అగ్రకులస్థుడు దళితుడి పేరుతో చర్చిని తప్పు పట్టడం నేను చూశాను. అలాంటి రాతను నేను చదివిపెట్టను కూడా. అది లోపలివాడి సాక్ష్యాన్ని దొంగిలించడం.

ఇంకో జాగ్రత్త. మీ అసలు పేరు నమ్మకమైన ఒక మనిషికైనా తెలిసి ఉండాలి: సంపాదకుడికో, వకీలుకో, పెద్ద స్నేహితుడికో. రేపు మరొకరిని దోషిగా నిలబెడితే, "ఇది ఆయన రాసింది కాదు" అని సాక్ష్యం చెప్పగలిగేవారు ఒకరుండాలి.

పేరు దాచుకుంటే కేసు రాకుండా ఉంటుందా? చట్టం దేన్ని చూస్తుంది?

చట్టం పేరును చూడదు, ఉద్దేశాన్ని చూస్తుంది. లాహోర్ కేసు రేపిన అలజడి తరువాతే 1927లో శిక్షాస్మృతిలో 295ఎ సెక్షన్ చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 299వ సెక్షన్‌గా ఉంది. ఒక వర్గం ప్రజల మత భావాలను రెచ్చగొట్టాలన్న బుద్ధిపూర్వకమైన దురుద్దేశంతో వారి మతాన్ని అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వర్గాల మధ్య వైరం పెంచే మాటలకు 196వ సెక్షన్ ఉంది.

ఇక్కడ "బుద్ధిపూర్వకమైన దురుద్దేశం" అన్న మాట కీలకం. రాంజీలాల్ మోదీ కేసులో 1957లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని చెబుతూనే, తెలియక గానీ అజాగ్రత్త వల్ల గానీ జరిగిన అవమానం దీని కిందికి రాదని వివరించింది. ఈ రెండు సెక్షన్ల కింద కోర్టు నేరాన్ని విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి ముందుగా ఉండాలి. అయినా 299వ సెక్షన్ కింద పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, అది బెయిలు హక్కుగా దొరికే నేరం కాదు. అందువల్ల చివరికి నెగ్గే రాతకు కూడా మధ్యలో ఎంతో తిరుగుడు, ఖర్చు ఉండవచ్చు. అచ్చుకు పంపకముందే రాతప్రతిని ఒక వకీలుకు చూపించండి. జిల్లా కోర్టుల దగ్గర సాహిత్యం మీద అభిమానమున్న వకీళ్ళకు కొరత లేదు.

పేరు లేకపోవడం ఉద్దేశం మంచిదని చూపించదు, చెడ్డదనీ చూపించదు. కానీ నా లెక్కలో ఒకటుంది: తన పేరు కింద ఉంటుందని తెలిసి రాసేవాడు విశేషణాలు తగ్గించుకుంటాడు. "మూఢులు", "దొంగలు" అన్న మాటలు పేరు లేని రాతల్లోనే ఎక్కువగా కనిపించాయి నాకు. మీరు పేరు పెట్టకూడదని నిశ్చయించుకున్నా, పేరు పెడుతున్నట్టే ఒకసారి కింద రాసుకుని, మొత్తం తిరిగి చదవండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ కొట్టేయండి.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. నా సంగతి?

మీకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. మీ పేరు కింద హోదా, కార్యాలయం రాయవద్దు. ఆ మాట మీ శాఖ మాటగా కనిపిస్తుంది. టీచర్లకు అదనంగా ఒక మాట: మీ తరగతిలో మీరు విమర్శించిన పద్ధతిని ఇంట్లో భక్తితో పాటించే పిల్లలు కూర్చుని ఉంటారు. వాళ్ళు మర్నాడు మీ ముఖం చూడగలిగేలా రాయండి.

ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంది, అమ్మ రోజూ గుడికి వెళ్తుంది. నేను పేరు పెడితే వాళ్ళకు ఇబ్బంది కాదా?

అవుతుంది. కాదని చెప్పేవారిని నమ్మవద్దు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవారు ముందుగా "మీ అబ్బాయేగా ఆ వ్యాసం రాసింది?" అని అడుగుతారు, అద్దె ఇంటివారు ఖాళీ చేయమంటారు, దుకాణముంటే బేరం తగ్గుతుంది.

అయినా ఇంట్లోవారిని కారణంగా చూపించి పేరు దాచుకునేవారిలో చాలామంది ఇంట్లోవారిని అడగనే లేదు. నేను అడగమంటాను. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పాస్టర్లు స్త్రీలను వేదిక ఎక్కనివ్వని పద్ధతి మీద వ్యాసం రాసి, తల్లికి తెలిస్తే గుండె ఆగిపోతుందని భయపడుతూ నా దగ్గరకు వచ్చింది. ముందు వ్యాసం మీ అమ్మగారికి చదివి వినిపించమ్మా అన్నాను. వారం తరువాత తిరిగి వచ్చింది. తల్లి మొత్తం విని, సంఘంలో ముప్పై ఏళ్ళుగా తాను ఊడ్చిన వేదిక గురించి ఆ వ్యాసంలో లేని రెండు సంగతులు చెప్పిందట. ఆ రెండూ వ్యాసంలో చేరాయి, అమ్మాయి పేరూ చేరింది. అన్ని ఇళ్ళలోనూ ఇలా జరగదు. కానీ మీ రాత సంగతి మీ అమ్మకు వీధిలో తెలియకూడదు, మీ నోటి నుంచే తెలియాలి. ఇంట్లోవారు వద్దంటే ఆ రాతను ఆపాలా అన్నది మీ ఇష్టం. వాళ్ళకు ముందుగా చెప్పడం మాత్రం మీ బాధ్యత.

స్త్రీలు పేరు పెట్టినప్పుడు వచ్చే తిట్లు వాదం మీద రావు, నడవడి మీద వస్తాయి. ఆ సంగతి తెలిసిన ఆడవారు కలం పేరు ఎంచుకుంటే ఎవరూ సంజాయిషీ అడగకూడదు.

పేరు వెనుక ఎవరు నిలబడతారో కూడా చూసుకోవాలి. విజయనగరంలో 1892లో ప్రదర్శించిన 'కన్యాశుల్కం' 1897లో గురజాడ పేరుతో, ఆనంద గజపతి మహారాజుకు అంకితమై అచ్చయింది. పేరు పెట్టడానికి గురజాడకు ఉన్న మనసు గొప్పది. అయినా ఆ పేరు వెనుక ఒక సంస్థానం ఉందన్నది మరిచిపోయి, వెనుక ఎవరూ లేని కూలివాడి కొడుకును ఆయనతో పోల్చకూడదు.

నేను పుట్టని మతాన్ని విమర్శించవచ్చా? అప్పుడు పేరు పెట్టాలా?

విమర్శించవచ్చు, అప్పుడు పేరు తప్పక పెట్టాలి. బయటివాడు చాటుగా అన్న మాటకు ఆ మతంవారు బదులు చెప్పే దారి ఉండదు. అంతకంటే ముందు, ఇదే తప్పు మీ సొంత మతంలో ఉందేమో చూసి, ఉంటే దాని గురించి కూడా అదే వ్యాసంలో రాయండి. అంబేద్కర్ 1936లో లాహోర్‌లో కుల నిర్మూలన మీద ఇవ్వవలసిన ఉపన్యాసాన్ని, పిలిచినవారే సభ రద్దు చేస్తే, ఒక్క మాట మార్చకుండా తన పేరుతో, తన ఖర్చుతో అచ్చు వేయించారు. తాను పుట్టిన మతం తనను ఎలా చూసిందో సొంత పేరుతో చెప్పడం వల్లే దానికి బదులు చెప్పడం తప్పించుకోలేని పని అయింది.

విమర్శ ఒక పద్ధతి మీద కాకుండా ఒక పూజారి మీద, పాస్టరు మీద, మౌల్వీ మీద అయితే?

అప్పుడు అది విమర్శ కాదు, ఆరోపణ. కానుకల సొమ్ము తిన్నాడనో, పిల్లతో అసభ్యంగా ప్రవర్తించాడనో రాసేటప్పుడు పేరు లేని కరపత్రం ఎవరికీ న్యాయం చేయదు. ఆయన నిర్దోషి అయితే అది ఆయన జీవితాన్ని కూల్చేస్తుంది. దోషి అయితే, "ఎవడో పనికిమాలినవాడు రాశాడు" అని తప్పించుకోవడానికి ఉపయోగపడుతుంది. పరువు నష్టం కింద న్యాయ సంహిత 356వ సెక్షన్ రెండేళ్ళ దాకా శిక్ష వేయగలదు; ప్రజల మేలు కోసం నిజం చెప్పడం అందులో మినహాయింపు, కానీ ఆ నిజాన్ని నిరూపించడానికి మనిషి కావాలి. ఇక్కడ సంతకంతో ఫిర్యాదు ఇవ్వండి. బాధితురాలి పేరు మాత్రం ఎక్కడా రాయవద్దు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం.

ఊళ్ళో చిల్లంగి (చేతబడి) నెపంతో ఒకరిని వేధిస్తున్నారు. కరపత్రం వేయాలా?

వద్దు. చిల్లంగి చేశారన్న అనుమానంతో మన ఏజెన్సీ గ్రామాల్లో మనుషులను చంపిన ఉదంతాలున్నాయి. ఆ రాత్రి పేరు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చునే సమయం లేదు. పోలీసులకు, మండల అధికారులకు మీ పేరుతో చెప్పి ఆ కుటుంబాన్ని ఊరు దాటించండి. మూఢనమ్మకం మీద వ్యాసం తరువాత రాయవచ్చు.

ఎప్పుడు ప్రచురించాలి?

పండుగ నడుస్తుండగా వద్దు. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంటే దారిలో నిలబడి కరపత్రం పంచేవాడికి వినే చెవులు దొరకవు, తొక్కిసలాట దొరుకుతుంది. 2020 డిసెంబరు చివర్లో రామతీర్థంలో విగ్రహం ధ్వంసమైన రోజుల్లో, ఆలయ నిర్వహణ మీద సిద్ధంగా ఉన్న ఒక మంచి వ్యాసాన్ని ఆరు నెలలు ఆపమని నేనే రచయితకు చెప్పాను. అప్పుడు ఏ పేరు కింద ఉన్నా అది ఆ మంటలోకి వేసిన పుల్లే అయ్యేది.

పేరు పెట్టాక బెదిరింపులు వస్తే?

వచ్చిన ప్రతి ఉత్తరాన్ని, ప్రతి సందేశాన్ని తేదీతో సహా దాచండి. ఫోను వస్తే మాటలను అప్పుడే కాగితం మీద పెట్టండి. బెదిరింపు న్యాయ సంహిత 351వ సెక్షన్ కిందికి వస్తుంది. బెదిరించినవాడు తన పేరు దాచి బెదిరిస్తే దానికి అదనంగా మరో రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. మత విమర్శలో పేరు దాచడాన్ని చట్టం తప్పు పట్టలేదు గానీ, బెదిరింపులో దాచడాన్ని ఎక్కువ నేరంగా ఎంచింది. ఆ తేడా నాకు న్యాయంగా కనిపిస్తుంది. కొన్నాళ్ళు ఒంటరిగా తిరగవద్దు. వాదించడానికి వచ్చినవారందరూ బెదిరించేవారు కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, వారు చెప్పేది పూర్తిగా వినండి.

ఎప్పుడో పేరు లేకుండా రాశాను. ఇప్పుడు చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, ఎన్నేళ్ళయినా సరే. మత సహనం గురించి 1689లో పేరు లేకుండా రాసిన ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్, అది తనదేనని చివరికి వీలునామా అనుబంధంలో ఒప్పుకున్నాడు. అంతదాకా ఆగవలసిన అవసరం లేదు. అయితే అందరికంటే ముందు, మీ బదులు మాట పడినవారికి చెప్పండి.

నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, ఆ లెక్కల మేస్టారి ఊరు కనుక్కుని వెళ్ళాను. ఆయనకు చూపు తగ్గింది, గొంతు గుర్తుపట్టాడు. కరపత్రం కాపీ ఒకటి నా దగ్గర మిగిలి ఉంటే తీసుకెళ్ళాను. విషయం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఆ కాగితం ఆయనే రాశాడని తన కొడుకు ఈనాటికీ అనుకుంటున్నాడని, ఎన్నిసార్లు కాదన్నా "భయపడి కాదంటున్నావులే నాన్నా" అంటాడని చెప్పి, "వాడు లోపల ఉన్నాడు మేస్టారూ, ఈ మాట వాడి ముందర చెప్పండి" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి, ఆయన కొడుకు ఎదుట నిలబడి, కరపత్రం అడుగున నా పేరు, ఇంటిపేరు, ఆ రోజు తేదీ రాసి ఇచ్చాను.